డే కేర్‌లో మోకాలు, భుజం ఆపరేషన్ అయ్యి ఇంటికొచ్చాక: ట్రమడాల్ లాంటి మందులు తక్కువ వాడుతూ నొప్పి తగ్గించుకోవడం ఎలా

ఉదయం ఆపరేషన్, సాయంత్రానికి ఇల్లు. లిగమెంట్, మెనిస్కస్ (మోకాల్లో ఉండే మెత్తటి గుజ్జు), భుజం కీ హోల్ ఆపరేషన్లు (చిన్న రంధ్రాలతో చేసేవి) ఇప్పుడు చాలావరకు ఇలాగే జరుగుతున్నాయి. ఆపరేషన్ గురించి హాస్పిటల్లో బాగానే చెబుతారు గానీ, రాత్రి రెండింటికి నొప్పి లేస్తే ఏం చేయాలన్నదానికి డిశ్చార్జ్ చీటీలో నాలుగు మందుల పేర్లు తప్ప ఏమీ ఉండదు. ఆపరేషన్ అయినవాళ్ళకు ఫిజియోథెరపీ చేయించే పని నాది, అందుకని నన్ను అందరూ అడిగేది దాదాపు ఒకటే ప్రశ్న: "ట్రమడాల్ రాశారు, అది మత్తు మందట, అలవాటైపోతుందట, వేసుకోవాలా మానేయాలా?" అమెరికాలో ఉన్నవాళ్ళు ఇదే ప్రశ్న ఆక్సికోడోన్ గురించి, హైడ్రోకోడోన్ గురించి అడుగుతారు.

పూర్తిగా మానేయక్కర్లేదు, అలాగని మొదటి మందుగానూ వాడక్కర్లేదు. పారాసెటమాల్, వాపు తగ్గించే మాత్ర, ఐస్, కాలు ఎత్తులో పెట్టుకోవడం, ఈ నాలుగూ టైం ప్రకారం సరిగ్గా చేస్తే ట్రమడాల్ అవసరం చాలామందికి ఒకట్రెండుసార్లకు మించి రాదు, కొందరికి అసలే రాదు. ఇది నా నమ్మకం మాత్రమే కాదు. కెనడాలోని ఒంటారియోలో మోకాలు, భుజం ఆర్థ్రోస్కోపీ (అంటే కీ హోల్ ఆపరేషన్) చేయించుకున్న 200 మందిని రెండు గుంపులు చేసి చూశారు, 2022లో జామా అనే వైద్య పత్రికలో వచ్చింది. ఒక గుంపుకు మామూలుగా ఇచ్చే ఓపియాయిడ్ మాత్రలు (ట్రమడాల్, ఆక్సికోడోన్ లాంటి మత్తు రకం నొప్పి మందులు) ఇచ్చారు. రెండో గుంపుకు న్యాప్రోక్సెన్, పారాసెటమాల్, కడుపు కోసం ప్యాంటోప్రజోల్ ఇచ్చి, తట్టుకోలేకపోతే వేసుకోమని కొద్దిగా ఓపియాయిడ్ చేతికిచ్చారు. ఆరు వారాల తర్వాత లెక్క చూస్తే రెండో గుంపులో సగం మందికి పైగా ఓపియాయిడ్ ముట్టనే లేదు, అయినా రెండు గుంపుల నొప్పిలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

ఇంత జాగ్రత్త ఎందుకంటారా? అమెరికాలో 2017లో వచ్చిన ఒక పెద్ద పరిశీలనలో, అంతకుముందు ఓపియాయిడ్లు వాడనివాళ్ళలో దాదాపు 6 శాతం మంది ఆపరేషన్ అయిన మూడు నెలల తర్వాత కూడా వాటిని తెచ్చుకుంటూనే ఉన్నారు. పెద్ద ఆపరేషన్ వాళ్ళకూ చిన్న ఆపరేషన్ వాళ్ళకూ ఇందులో తేడా పెద్దగా లేదు. మన దేశంలో కూడా ట్రమడాల్‌ను 2018లో మాదకద్రవ్యాల చట్టం కిందికి తెచ్చారు. ఇక చాలు, పనిలోకి వెళ్దాం.

ఆపరేషన్‌కు ముందే సిద్ధం చేసుకోవాల్సినవి

- పారాసెటమాల్ 500 లేదా 650. అమెరికాలో దీన్నే ఎసిటమినోఫెన్ అంటారు, టైలెనాల్ అదే.
- వాపు తగ్గించే నొప్పి మాత్ర ఒకే ఒక్క రకం, మీ సర్జన్ రాసింది. ఎసిక్లోఫెనాక్, న్యాప్రోక్సెన్, ఐబుప్రొఫెన్, సెలెకాక్సిబ్, ఎటోరికాక్సిబ్ వీటిలో ఏదో ఒకటి.
- పరగడుపున వేసుకునే గ్యాస్ మాత్ర, డాక్టర్ రాస్తే.
- అత్యవసరానికి కొన్ని ఓపియాయిడ్ మాత్రలు. మనకు ట్రమడాల్ లేదా టపెంటడాల్, అమెరికాలో ఆక్సికోడోన్ లాంటివి.
- జిప్ కవర్లు, ఐస్, రెండు పలుచటి తువ్వాళ్ళు.
- గట్టి దిండ్లు మూడు నాలుగు. భుజం ఆపరేషన్ అయితే వెనక్కి వాలే కుర్చీ దొరికితే మరీ మంచిది.
- డాక్టర్ చెప్పిన విరేచనం మందు.
- ఒక నోట్‌బుక్, పెన్ను, ఫోన్‌లో అలారం.

డాక్టర్‌ను ముందే అడగాల్సినవి: నాకు ఈ వాపు మాత్ర పడుతుందా? బ్లాక్ (నరాన్ని మొద్దుబార్చే మత్తు సూది) ఇస్తారా, ఇస్తే ఎన్ని గంటలు ఉంటుంది? ఓపియాయిడ్ ఎన్ని మాత్రలు, ఎలాంటప్పుడు వేసుకోవాలి? రాత్రి ఏదైనా అయితే ఏ నంబర్‌కు ఫోన్ చేయాలి? ఈ నాలుగు ప్రశ్నలూ కాగితం మీద రాసుకుని వెళ్ళండి, లోపలికెళ్ళాక టెన్షన్‌లో ఒక్కటీ గుర్తుకు రాదు.

కిడ్నీ సమస్య, కడుపులో పుండు, గుండె జబ్బు, రక్తం పలుచబడే మందులు, మాత్ర వేసుకుంటే ఆయాసం వచ్చే ఆస్తమా, గర్భం, వీటిలో ఏది ఉన్నా వాపు మాత్ర మీ అంతట మీరు మొదలుపెట్టకండి. బీపీకి రెండు మూడు రకాల మందులు, అందులో మూత్రం ఎక్కువ పోయే మాత్ర వాడుతున్న పెద్దవాళ్ళు కూడా ఇదే కోవలోకి వస్తారు, వాళ్ళ కిడ్నీల మీద ఒక్కసారిగా భారం పడుతుంది. ఎముక అతకాల్సిన ఆపరేషన్ అయితే కొందరు సర్జన్లు ఈ రకం మందులు కొన్నాళ్ళు వద్దంటారు, వాళ్ళ మాటే వినండి. కింద నేను చెప్పేదంతా మామూలు ఆరోగ్యం ఉన్న పెద్దవాళ్ళకు, డాక్టర్ రాసిన మందులను ఎలా వాడుకోవాలనే. పిల్లలకు ఇది పనికిరాదు.

1. స్ట్రిప్పులన్నీ టేబుల్ మీద పరిచి వెనక వైపు చదవండి

అన్నిటికంటే ఎక్కువ తప్పులు ఇక్కడే జరుగుతాయి, కాబట్టి కాస్త ఎక్కువే చెబుతాను. స్ట్రిప్ మీద పెద్ద అక్షరాల్లో ఉండేది కంపెనీ పెట్టిన పేరు. లోపల ఏముందో చిన్న అక్షరాల్లో ఉంటుంది, ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసుకుంటే గానీ కనిపించదు. అక్కడ చూస్తే పారాసెటమాల్ మూడు చోట్లా ఉంటుంది: డోలో 650లో 650 మిల్లీగ్రాములు, జెరోడాల్ పీలో ఎసిక్లోఫెనాక్ 100తో పాటు పారాసెటమాల్ 325, అల్ట్రాసెట్‌లో ట్రమడాల్ 37.5తో పాటు మళ్ళీ పారాసెటమాల్ 325.

ఇప్పుడు రోజుకు లెక్కేయండి. డోలో నాలుగు వేసుకుంటే 2600. జెరోడాల్ పీ రెండు, 650. అల్ట్రాసెట్ రెండు, ఇంకో 650. మొత్తం 3900. పెద్దవాళ్ళకు ఎట్టి పరిస్థితుల్లో దాటకూడని హద్దు రోజుకు 4000 మిల్లీగ్రాములు, ఇంట్లో ఉన్నప్పుడు 3000 దగ్గరే ఆగమని చాలామంది డాక్టర్లు చెబుతారు. ఒళ్ళు వెచ్చగా ఉందని ఎవరో ఇంకో డోలో ఇచ్చారంటే 4550కి చేరారు. లివర్‌కు దెబ్బ తగిలేది ఇలాగే, ఎవరూ తప్పు చేస్తున్నామని అనుకోరు. బరువు 50 కిలోల లోపు ఉన్నవాళ్ళు, లివర్ జబ్బు ఉన్నవాళ్ళు, రోజూ మద్యం తాగే అలవాటున్నవాళ్ళు ఇంకా తక్కువ వేసుకోవాలి, ఎంతో డాక్టర్‌నే అడగాలి. అమెరికాలో ఇచ్చే పర్కొసెట్, నార్కో అనే ఓపియాయిడ్ మాత్రల్లోనూ ఎసిటమినోఫెన్ కలిసే ఉంటుంది.

అన్నీ కలిపిన మాత్రల కంటే విడివిడిగా రాయమని అడగడం మేలని నా అభిప్రాయం. విడిగా ఉంటే ఓపియాయిడ్ ఒక్కటే ఆపేసి మిగతావి కొనసాగించవచ్చు.

2. బ్లాక్ దిగకముందే మాత్రలు మొదలుపెట్టండి

మత్తు డాక్టర్ తొడ దగ్గరో మెడ పక్కనో ఇచ్చే నరం బ్లాక్ మామూలుగా 12 నుంచి 24 గంటలు పనిచేస్తుంది. ఆ గంటల్లో కాలో చెయ్యో మీది కానట్టే ఉంటుంది, నొప్పి లేదు కదా మాత్రలెందుకని వదిలేస్తారు. బ్లాక్ దిగడం మాత్రం చాలాసార్లు అర్ధరాత్రే జరుగుతుంది, దిగుతున్నప్పుడు నొప్పి ఒక్కసారిగా పైకి లేస్తుంది. ఆ గంటలో భయపడి ఉన్న మాత్రలన్నీ మింగేసినవాళ్ళను చూశాను.

అందుకని ఇంటికి రాగానే ఏదైనా తిని, డాక్టర్ రాసిన పారాసెటమాల్, వాపు మాత్ర మొదలుపెట్టేయండి. హాస్పిటల్లో సెలైన్‌లో పారాసెటమాల్ ఎక్కించి ఉంటే ఎన్ని గంటలకు ఎక్కించారో నర్స్‌ను అడిగి, దాని నుంచి ఆరు గంటలు లెక్కపెట్టుకోండి. వేళ్ళు జివజివలాడుతూ సూదులు గుచ్చినట్టు అనిపించడం మొదలైందంటే బ్లాక్ దిగుతోందని అర్థం.

హెచ్చరిక: మొద్దుబారిన చేతికి, కాలికి వేడి తెలియదు, చల్లదనం తెలియదు. టీ గ్లాసు ఆ చేత్తో పట్టుకోవద్దు, ఆ కాలి మీద సొంతంగా నిలబడొద్దు. మెడ పక్కన బ్లాక్ ఇస్తే ఆ వైపు కనురెప్ప కొంచెం వాలడం, గొంతు బొంగురుపోవడం, నిండుగా గాలి పీల్చలేనట్టు ఉండడం జరుగుతుంది, బ్లాక్‌తో పాటే పోతాయి. ఊపిరాడక మాట కూడా రాకపోతే మాత్రం క్షణం ఆగొద్దు.

3. మొదటి మూడు రోజులు నొప్పిని బట్టి కాదు, గడియారాన్ని బట్టి

"నొప్పి వచ్చాక వేసుకుందాంలే" అన్న మాట ఈ మూడు రోజులూ పక్కన పెట్టండి. ముదిరిన నొప్పిని దించడానికి ఎక్కువ మందు పడుతుంది, అక్కడే ఓపియాయిడ్ వైపు చెయ్యి వెళ్తుంది. ఒక నమూనా చెబుతాను, మీ చీటీని బట్టి మార్చుకోండి:

- ఉదయం 6: పారాసెటమాల్ 650, గ్యాస్ మాత్ర
- 8, టిఫిన్ తిన్నాక: వాపు మాత్ర
- మధ్యాహ్నం 12: పారాసెటమాల్
- సాయంత్రం 6: పారాసెటమాల్
- రాత్రి 8, అన్నం తిన్నాక: వాపు మాత్ర
- రాత్రి 12: పారాసెటమాల్

రాత్రి 12 అలారం మొదటి రెండు రాత్రులకు చాలు. ఎటోరికాక్సిబ్ లాంటివి రోజుకు ఒక్కసారే, అప్పుడు ఉదయం టిఫిన్ తర్వాత ఒక్కటే.

ఇక్కడ మనవాళ్ళు చేసే తప్పు ఇంకొకటి ఉంది. ఇంట్లో ఎసిక్లోఫెనాక్ వేసుకుంటూనే, తగ్గలేదని పక్క వీధి ఆర్‌ఎంపీ దగ్గర నొప్పి సూది వేయించుకుంటారు. ఆ సూది చాలాసార్లు డైక్లోఫెనాక్, అంటే మీరు మింగుతున్న మాత్రకు అన్నదమ్ముడే. రెండూ కలిస్తే నొప్పి రెట్టింపు తగ్గదు, కడుపు, కిడ్నీ దెబ్బతినే ప్రమాదం మాత్రం పెరుగుతుంది. రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్ గానీ వేరే మాత్ర గానీ రాసి ఉంటే దాన్ని నొప్పి మాత్ర అనుకుని ఆపేయకండి, వాపు మాత్ర కూడా వాడుతున్నానని డాక్టర్‌కు చెప్పండి.

4. ఐస్, ఎత్తు: ఇవి కూడా మందులే

ఐస్ ముక్కలు, కొంచెం నీళ్ళు జిప్ కవర్‌లో వేసి గాలి తీసేసి మూయండి. నీళ్ళుంటే కవర్ మోకాలి చుట్టూ ఒదిగి కూర్చుంటుంది, ఉత్తి ముక్కలైతే గుచ్చుకుంటాయి. దాన్ని తువ్వాలులో చుట్టి 15 నుంచి 20 నిమిషాలు, మెలకువగా ఉన్నప్పుడు రెండు గంటలకోసారి. కట్టు తడవకూడదు. చర్మం మీద నేరుగా పెట్టొద్దు, బ్లాక్ ఇంకా దిగకపోతే మధ్యమధ్యలో తీసి చర్మం రంగు చూస్తుండాలి. కట్టు మందంగా ఉంటే చల్లదనం లోపలికి వెళ్ళడానికి టైం పడుతుంది, మూడు నిమిషాలకే పనిచేయడం లేదని తీసేయకండి.

కాలు గుండె కంటే ఎత్తులో ఉండాలి. కుర్చీలో కూర్చుని ముందు స్టూల్ మీద పెట్టుకుంటే గుండె కంటే ఎత్తు కాదు, పడుకుని కింద రెండు దిండ్లు పెడితేనే అవుతుంది. లిగమెంట్ ఆపరేషన్ అయినవాళ్ళు దిండు మడమ కింద, పిక్క కింద పెట్టండి, మోకాలి కింద పెట్టొద్దు. మోకాలి కింద పెడితే ఆ నిమిషానికి హాయిగానే ఉంటుంది గానీ కాలు వంగి ఉండిపోవడం అలవాటై, తర్వాత నిటారుగా చాపడానికి నా దగ్గర కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు. భుజం వాళ్ళు వెల్లకిలా పడుకుంటే పోటు ఎక్కువవుతుంది, సగం కూర్చున్నట్టు వాలి, మోచేయి వెనక మడిచిన తువ్వాలు పెట్టుకుని పడుకోండి.

వేడి కాపడం, ఝండూ బామ్, పసుపు పట్టు, పిక్క మర్దనా ఈ రోజుల్లో వద్దు. వేడికి వాపు పెరుగుతుంది. పిక్కలో రక్తం గడ్డ ఉంటే మర్దనాకు కదిలి ఊపిరితిత్తుల్లోకి వెళ్ళొచ్చు.

5. ఓపియాయిడ్ మాత్ర తీసే ముందు నాలుగు చూడండి

నొప్పి పదికి ఆరు దాటిందా, నిద్ర పట్టడం లేదా, సరే. స్ట్రిప్ చింపే ముందు చూసుకోండి: టైం ప్రకారం మాత్రలు పడ్డాయా? ఐస్ పెట్టి ఎంతసేపైంది? కాలు కిందికి జారిందా? కట్టు గానీ బ్రేస్ పట్టీ గానీ బిగుతైందా? బ్రేస్ పట్టీ ఒకటి కొంచెం వదులు చేస్తేనే సగం నొప్పి తగ్గిన సందర్భాలు బోలెడు. వదులు చేయొచ్చా లేదా అన్నది హాస్పిటల్లోనే అడిగి పెట్టుకోండి.

అన్నీ సరిగా ఉండి, అరగంట చూసినా తగ్గకపోతే అప్పుడు చీటీలో ఉన్న అతి తక్కువ డోసు, ఒక్క మాత్ర, ఏదైనా తిని వేసుకోండి. టైం రాసుకోండి. గంట ఆగండి. పనిచేయలేదని వెంటనే రెండోది వేయొద్దు, చీటీలో రాసిన గ్యాప్ పాటించాల్సిందే. ఆ ఒక్క మాత్ర వేసుకున్నందుకు తప్పు చేసినట్టు బాధపడక్కర్లేదు. పళ్ళు బిగించి ఓర్చుకుంటూ మూడు రాత్రులు నిద్ర లేకుండా గడిపితే కాలు కదపరు, కదపకపోతే బిగుసుకుపోతుంది.

ఎవరికి ప్రమాదం ఎక్కువ:
- రాత్రి నిద్రకు ఆల్ప్రజోలం లాంటి మాత్ర వేసుకునేవాళ్ళు, మద్యం తాగేవాళ్ళు. ఓపియాయిడ్‌తో కలిస్తే ఊపిరి నెమ్మదిస్తుంది.
- గట్టిగా గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టయ్యేవాళ్ళు.
- ఫిట్స్ ఉన్నవాళ్ళు. ట్రమడాల్ ఫిట్స్ తెప్పించగలదు.
- డిప్రెషన్‌కో ఆందోళనకో ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రాలిన్ లాంటివి వాడేవాళ్ళు. ట్రమడాల్‌తో పడదు. ఈ మందుల సంగతి ఇంట్లోవాళ్ళ ముందు చెప్పడానికి మొహమాటపడి దాచేస్తారు, డాక్టర్‌కు ఒక్కరికైనా చెప్పండి.
- ప్రీగాబాలిన్, గాబాపెంటిన్ కూడా రాసి ఉన్నవాళ్ళు. తల తిరిగి బాత్రూంలో పడిపోతే కొత్త లిగమెంట్ సంగతి చెప్పక్కర్లేదు.

మాత్ర వేసుకున్నాక బండి నడపొద్దు. బాత్రూంకు ఒక్కరే వెళ్ళొద్దు. ఇంట్లో వేరేవాళ్ళకు మిగిలిన ట్రమడాల్ ఉందని అది వేసుకోవద్దు.

6. మలబద్ధకం మొదలవక ముందే

ట్రమడాల్‌తో మలబద్ధకం వస్తుంది, అందుకని మొదటి మాత్ర వేసుకున్న రోజే డాక్టర్ చెప్పిన విరేచనం మందు మొదలుపెట్టి, దాంతో పాటు నీళ్ళు బాగా తాగండి. ఆపరేషన్ అయిందని పెద్దవాళ్ళు పెట్టించే పత్యం ఇక్కడ అడ్డం వస్తుంది: పప్పు తింటే చీము పడుతుంది, గుడ్డు వద్దు, వంకాయ వద్దు అని కారప్పొడి అన్నంతో సరిపెడతారు. పప్పుతో చీము పట్టదు. కూరలు, పండ్లు, పప్పు, గుడ్డు అన్నీ తినండి, గాయం మానడానికి అవే కావాలి. బాత్రూంకు లేవాల్సి వస్తుందని నీళ్ళు తాగడం తగ్గించేవాళ్ళూ ఉన్నారు. వాపు మాత్ర వాడుతూ నీళ్ళు తగ్గిస్తే కిడ్నీకి అసలు మంచిది కాదు.

7. వ్యాయామానికి ముందు మాత్ర టైం కలపండి

పాదం పైకీ కిందికీ ఆడించడం, తొడ కండరం బిగించి వదలడం మొదటి రోజు నుంచే ఉంటాయి, మీ ఫిజియో చెప్పినట్టు. పారాసెటమాల్ వేసుకున్న ముప్పావుగంట తర్వాత చేయండి, అయ్యాక ఐస్. చేసేటప్పుడు లాగుతున్నట్టు ఉండడం సహజం. చేసిన గంట తర్వాత కూడా ముందుకంటే ఎక్కువ పోటు ఉంటే మరుసటిసారి సగమే చేయండి. దాని కోసం ట్రమడాల్ వేసుకుని మరీ ఎక్కువ చేయొద్దు.

8. పనిచేస్తోందో లేదో చూసుకోవడం

నోట్‌బుక్‌లో టైం, వేసుకున్న మందు, నొప్పి పదికి ఎంత, ఇవి మూడే. నొప్పి సున్నా కావాలని చూస్తే మందులు పెరుగుతూనే ఉంటాయి, మొదటి రోజుల్లో మూడు నాలుగు దగ్గర ఉంటే చాలు. అంకె కంటే ముఖ్యం ఇవి: వరసగా మూడు నాలుగు గంటలు నిద్రపోగలిగారా, బాత్రూం దాకా వెళ్ళగలిగారా, వ్యాయామం చేశారా, అన్నం సయించిందా. ఇవి జరుగుతుంటే నొప్పి ఐదు ఉన్నా మీరు సరైన దారిలోనే ఉన్నారు. మామూలుగా రెండో మూడో రోజు దాకా ఎక్కువగా ఉండి తర్వాత దిగుతుంది. నాలుగో రోజు కూడా రోజుకు రెండు మూడు ఓపియాయిడ్ మాత్రలు కావాల్సి వస్తుంటే ఆ నోట్‌బుక్ పట్టుకుని డాక్టర్‌కు ఫోన్ చేయండి, ఇంకో స్ట్రిప్ తెప్పించుకోవద్దు.

ఇవి కనిపిస్తే మాత్రలతో ఆగకుండా వెంటనే హాస్పిటల్‌కు:
- మందులన్నీ వేసినా గంటగంటకూ పెరిగే నొప్పి, కాలి వేళ్ళు పట్టి కదిపితే ప్రాణం పోతున్నంత బాధ, పిక్క రాయిలా బిగియడం, బ్లాక్ దిగాక మళ్ళీ తిమ్మిరి
- ఒక పిక్కే వాచి నొప్పెట్టడం, ఛాతీ నొప్పి, ఆయాసం
- 101 దాటిన జ్వరం, గాయం నుంచి చీము
- నల్లటి విరేచనం, రక్తపు వాంతి
- పిలిచినా లేవకుండా మగతగా ఉండడం, ఊపిరి మరీ నెమ్మదిగా ఆడడం. ఇక్కడైతే 108, అమెరికాలో 911. ఈ ఒక్క లైను ఇంట్లో మీతో ఉండేవాళ్ళ చేత చదివించండి, ఎందుకంటే అప్పుడు మీరు చెప్పే స్థితిలో ఉండరు.

9. ఏది ముందు ఆపాలి

ముందు ఓపియాయిడ్. తర్వాత వాపు మాత్ర, డాక్టర్ రాసిన రోజులకు మించి వద్దు. చివరికి పారాసెటమాల్, నాలుగు నుంచి మూడు, రెండు అలా. చాలామంది దీన్ని తిరగేసి, గ్యాస్ పడుతోందని పారాసెటమాల్, వాపు మాత్ర మానేసి, బాగా పనిచేస్తోందని ట్రమడాల్ ఉంచుకుంటారు. కొద్ది రోజులే వాడితే ఓపియాయిడ్ ఒక్కసారిగా ఆపేయవచ్చు. రెండు వారాలు దాటి రోజూ వాడి ఉంటే డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి.

మిగిలిన ఓపియాయిడ్ మాత్రలు బీరువాలో దాచకండి. ఇంట్లో కాలేజీ పిల్లలుంటే మరీను. అమెరికాలో చాలా మందుల షాపుల్లో వెనక్కి తీసుకునే పెట్టెలుంటాయి. మన దగ్గర ముందు హాస్పిటల్ ఫార్మసీలో తీసుకుంటారేమో అడగండి, లేదంటే ఆ ట్రమడాల్, టపెంటడాల్ మాత్రలు స్ట్రిప్‌లోంచి తీసి టాయిలెట్‌లో వేసి నీళ్ళు కొట్టేయండి.